విండోస్ కంప్యూటర్ టాస్క్ మేనేజర్‌లో (ఏ ప్రోగ్రామ్ ఎంత పని చేయిస్తోందో చూపే తెర) డిస్క్ 100 శాతం అంటే డిస్క్ నిండిపోయినట్టా?

కాదు, అది డిస్క్ ఎంత నిండిందో కాదు, ఎంత తీరిక లేకుండా ఉందో చెప్పే అంకె. పాత ల్యాప్‌టాప్‌లలో హార్డ్ డిస్క్ సాధారణంగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది. ఒక్క చుట్టుకే దాదాపు 11 మిల్లీసెకన్లు. పైగా ఒక్కో ఫైలు కోసం డిస్క్‌ను చదివే ముల్లు అటూ ఇటూ పరుగెత్తాలి.

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఓ జెరాక్స్ షాపు అనుకోండి. పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేయగానే అప్‌డేట్, యాంటీవైరస్, బ్రౌజర్ ఒకేసారి డిస్క్ మీద పడతాయి. ఆధార్ పీడీఎఫ్ తెరుచుకునేలోపు వచ్చినాయన టీ తాగి వచ్చేస్తాడు. ర్యామ్ (నడుస్తున్న పనులను పెట్టుకునే మెమరీ) 4 జీబీయే అయితే మరీ ఘోరం, అందులో పట్టని బరువు కూడా డిస్క్ మీదే.

ఇది చూసి చాలామంది డిస్క్‌లోని ఫొటోలు, సినిమాలు డిలీట్ చేసేస్తారు. సీ డ్రైవ్ నిండిపోయి ఉంటే తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు. ముందు ఆన్ చేయగానే వాటంతటవే మొదలయ్యే అక్కర్లేని స్టార్టప్ ప్రోగ్రాములు ఆపండి, తర్వాత హార్డ్ డిస్క్ బదులు చిప్‌లతో పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించండి; అందులో తిరిగే పళ్లెమే ఉండదు.