వేడినీళ్లలో ముడుచుకున్న పువ్వు

ప్రశ్న: మా అబ్బాయి కాలేజీలో త్రీడీ ప్రింటర్ మీద పలచటి ప్లాస్టిక్ పువ్వు చేసి తెచ్చాడు. వేడినీళ్లలో వేయగానే రేకలు ముడుచుకున్నాయి. ఇది ఫోర్‌డీ ప్రింటింగ్ అన్నాడు. చల్లారాక మళ్లీ విచ్చుకోలేదు. మోటారు, బ్యాటరీ లేకుండా ఎలా కదిలింది? మా రొయ్యల చెరువు తూముకు ఇలాంటి తలుపు పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: అమ్మా, ముసురు పట్టిందంటే మన కోనసీమ ఇళ్లలో తలుపులు బిగుసుకుపోతాయి కదా. వడ్రంగిని పిలిస్తే ఆయన చిత్రిక పట్టేది ఎక్కువగా పక్క అంచునే. చెక్క తడి పీల్చి వెడల్పులో ఉబ్బుతుంది, పొడవులో దాదాపు పెరగదు. పీచు నిలువునా ఉంటుంది గనుక ఉబ్బు అడ్డంగానే వస్తుంది. పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పినన్నాళ్లూ నేను మొదట ఈ తలుపు సంగతే చెప్పేవాణ్ణి.

హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2016లో చేసిందీ ఇదే. నీళ్లు పీల్చే జెల్‌లో చెక్క గుజ్జు నుంచి తీసిన సన్నని పీచు కలిపారు. ప్రింటర్ మూతి లోంచి జెల్ వస్తుంటే, పీచంతా గీసిన గీత వెంబడే వరుసగా సర్దుకుంటుంది. కింది పొర ఒక దిశలో, పై పొర ఇంకో దిశలో గీసి నీళ్లలో ఉంచితే, రెండూ చెరోవైపు ఉబ్బి రేకు వంగుతుంది. అలా ఆర్కిడ్ పువ్వును వికసింపజేశారు. ఏ రేకు ఎంత వంగాలో ముందే లెక్కగట్టి గీతల్లో పెట్టడం నాకు ఎప్పటికీ అబ్బురమే! ఫోర్‌డీ అన్న పేరును 2013లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన స్కైలార్ టిబిట్స్ ప్రచారంలోకి తెచ్చారు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడు కొలతలైతే, నాలుగోది కాలం.

మీ అబ్బాయి వాడింది బహుశా పీఎల్ఏ ప్లాస్టిక్. ప్రింటర్ దాన్ని సాగదీస్తూ పరుస్తుంది, అది వెంటనే గట్టిపడటంతో ఆ బిగువు లోపలే ఉండిపోతుంది. నీటి వేడి 60 డిగ్రీలు దాటితే ప్లాస్టిక్ మెత్తబడి, గీత వెంబడి కుంచించుకుంటుంది. పొరల గీతలు వేర్వేరు దిశల్లో ఉంటే రేకు ముడుచుకుంటుంది. ఒకసారి బిగువు వదిలాక మళ్లీ కదలడానికి లోపల ఏమీ మిగలదు, అందుకే విచ్చుకోలేదు.

తూముకు మాత్రం వద్దు. జెల్ మెత్తన, నీటి ఒత్తిడికి ఆగదు. పైగా తూము ఎప్పుడూ నీళ్లలోనే ఉంటుంది. తడికి కదిలే వస్తువుకు ఎప్పుడు తెరుచుకోవాలో ఎలా తెలుస్తుంది?

ఈ విద్య అసలు విలువ నాకు తెలిసి వైద్యంలోనే ఉంది. శ్వాసనాళం మెత్తబడి మూసుకుపోయే పసిబిడ్డలకు అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీ వైద్యులు ప్రింట్ చేసిన తొడుగు వేశారు. బిడ్డ ఎదిగేకొద్దీ అది విచ్చుకుంటుంది, తర్వాత ఒంట్లోనే కరిగిపోతుంది. ఊపిరాడక నీలంగా మారే బిడ్డను చూసిన ఏ తల్లికైనా దీని విలువ తెలుస్తుంది.

పీచు దిశను బట్టి వచ్చే ఈ వంపును ఇంట్లో చూడాలంటే ఒక ట్రేసింగ్ పేపర్ చాలు. ఒకే కాగితంలోంచి ఒక ముక్క నిలువుగా, ఒకటి అడ్డంగా, ఒకటి ఐమూలగా కత్తిరించి పళ్లెంలో నీళ్ల మీద వదలండి. మొదటి రెండూ చెరో తీరుగా చుట్టుకుంటాయి, ఐమూల ముక్క మెలి తిరుగుతుంది. కాసేపటికి రెండోవైపూ తడిసి చదునవుతాయి కాబట్టి కళ్లు తిప్పకండి. ఏ ముక్క ఎటు కత్తిరించారో ముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.