ఇంగ్లండ్‌లో పేషెంట్ ‘ఎ ఫ్యూ’ అంటే ఎన్ని?

ఇంగ్లండ్‌లో నర్సుగా చేరబోతున్నానని రాశారు. ‘ఎ కపుల్’ అంటే రెండు, ‘ఎ ఫ్యూ’ అంటే మూడు, ‘సెవెరల్’ అంటే ఐదుకు పైన అని కోచింగ్‌లో చెప్పారట, నిజమేనా అని అడిగారు. అక్కడి వార్డుల్లో ఏళ్ల తరబడి పనిచేసినదాన్ని కాబట్టి గట్టిగానే చెబుతున్నాను, ఆ పట్టికను నమ్ముకోకండి.

“నాలుగు మెతుకులు తినమ్మా” అంటే మన ఇళ్లలో ఎవరూ మెతుకులు లెక్కపెట్టరు కదా. వాళ్ల ‘కపుల్’ కూడా అలాంటిదే. పిల్లలెంతమంది అని అడిగితే వచ్చే ‘ఎ కపుల్’ దాదాపు ఇద్దరే. “ఎ కపుల్ ఆఫ్ మినిట్స్‌లో వస్తాను” అని డాక్టర్ అంటే మాత్రం పావుగంటైనా పట్టొచ్చు.

‘ఫ్యూ’కి ముందు ‘ఎ’ ఉందా లేదా అన్నది బాగా వినండి. “ఎ ఫ్యూ పేషెంట్స్‌కి వాంతులయ్యాయి” అంటే కొందరికి అయ్యాయి, ఓ కన్నేసి ఉంచు అని. ‘ఎ’ లేకుండా ‘ఫ్యూ’ అంటే పెద్దగా ఎవరికీ కాలేదు, కంగారు లేదు అని. రెండు సార్లూ అయినవాళ్లు అయిదుగురే కావచ్చు, చెప్పే మనిషి మొగ్గు ఎటో అదే మారింది. ‘క్వైట్ ఎ ఫ్యూ’ అన్నారా, చాలామందికే అయినట్టు.

ఇది ప్రాణం మీదికి వచ్చేది మందుల దగ్గర. శని, ఆదివారాలు పంటినొప్పితో గడిపిన ఒక పెద్దాయన కడుపులో తిప్పుతోందని వచ్చాడు. మాత్రలేమైనా వేసుకున్నారా అంటే, “జస్ట్ ఎ ఫ్యూ పారాసెటమాల్, లవ్” అన్నాడు (‘లవ్’ అంటే అక్కడ ‘అమ్మా’ అన్నట్టు పిలుపు). డబ్బా చూపించమన్నాను. అక్కడ మామూలు షాపుల్లో ఒక ప్యాక్‌లో 16 మాత్రలకు మించి అమ్మకూడదని 1998 నుంచి నియమం. ఆయన కోటు జేబులోంచి రెండు ప్యాకులు తీశాడు. ముందురోజు నుంచి ఖాళీ అయిన గూళ్లు లెక్కపెడితే 14 ఉన్నాయి. పెద్దవాళ్లకు 500 మిల్లీగ్రాములవి 24 గంటల్లో 8 దాటకూడదు. వెంటనే డాక్టర్‌కి చెప్పి రక్తపరీక్షకు పంపించాం. ఆయన అబద్ధమాడలేదు. అంత నొప్పికి ఆ మాత్రలు ఆయనకు నిజంగానే కొన్నిగానే తోచాయి.

మద్యం సంగతీ అంతే. “ఎ కపుల్ ఆఫ్ పింట్స్” అన్నది రాసుకుని వదిలేయకూడదు. తాగిన ఆల్కహాల్‌ను అక్కడ ‘యూనిట్ల’లో లెక్కేస్తారు. 4 శాతం బీరు ఒక పింట్ (అర లీటరుకు కాస్త పైన) అంటే 2.3 యూనిట్లు, వారానికి 14 యూనిట్లు దాటొద్దన్నది అక్కడి సలహా. ఆ కపుల్ రోజూనా, శుక్రవారం మాత్రమేనా అన్నదాన్ని బట్టి కథ మారిపోతుంది.

అన్నిటికంటే నాకు బెంగ కలిగించే మాట ‘ఎ బిట్’. ముఖ్యంగా ముసలివాళ్లు. “ఎ బిట్ ఆఫ్ పెయిన్” అంటారు, సున్నా నుంచి పదిలో ఎంత అని అడిగితే ఎనిమిది అంటారు. ఎదుటివాళ్లకు శ్రమ ఇవ్వకూడదన్న మర్యాద అది. మొహం చూడండి, దుప్పటి పట్టుకున్న చెయ్యి చూడండి.

మందుల డబ్బాలోని కాగితం మీద సైడ్ ఎఫెక్ట్‌లు ఎంతమందికి వస్తాయో చెప్పే మాటలకు మాత్రం లెక్క ఉంది. ‘కామన్’ అంటే 100 మందిలో 1 నుంచి 10 మంది వరకు, ‘రేర్’ అంటే 10,000 మందిలో 1 నుంచి 10 మంది వరకు. ‘కామన్’ అని చదివి, తమకు తప్పకుండా వస్తుందనుకుని మాత్రలు మానేసినవాళ్లను చూశాను. వాళ్లకు మాట కాకుండా అంకె చెప్పండి.

ఇక అడిగే పద్ధతి. “ఎన్ని?” అంటే మళ్లీ ‘ఎ ఫ్యూ’యే వస్తుంది. పెద్ద అంకెతో మొదలుపెట్టి, “పదా, పన్నెండా?” అని మామూలు గొంతుతో అడగండి. “అబ్బే, ఎనిమిదే” అని వాళ్లే తగ్గించి చెబుతారు, లేదంటే తలూపుతారు. అప్పటికీ అంకె రాకపోతే వాళ్లన్న మాటనే కొటేషన్లలో పెట్టి నోట్స్‌లో రాయండి. ‘ఎ ఫ్యూ’ని మీ అంచనాతో మూడు చేసి మాత్రం రాయొద్దు.