భూకంపాలు వరసగా ఎందుకొస్తాయి? తిరుపతికి ఆ భయం ఉందా?

భూకంపం వస్తే ఒత్తిడంతా పోదు, కొంత పక్కకు చేరుతుంది. భూమి లోపలి రాతి పగులు (ఫాల్ట్) జారినచోట బిగువు సడలి, దాని కొసల దగ్గర పెరుగుతుంది. అక్కడి రాయి అప్పటికే తెగే స్థితిలో ఉంటే నెలల్లోనో ఏళ్లలోనో అదీ జారుతుంది. టర్కీలోని ఉత్తర అనటోలియా పగులు చూడండి: 1939లో ఎర్జింజాన్, తర్వాత 1942, 1943, 1944 అంటూ పడమటికి జరుగుతూ 1999 ఆగస్టులో ఇజ్మిత్ దాకా వచ్చింది. మూడు నెలలు తిరగకముందే దాని తూర్పు కొసన దూజ్జే కంపించింది. సుమత్రాలోనూ అంతే: 2004 డిసెంబరు 26న 9.1 తీవ్రతతో, 2005 మార్చి 28న పక్క భాగంలో 8.6 తీవ్రతతో వచ్చాయి.

అగ్నిపర్వతాలను మాత్రం తొందరపడి దీనికి ముడిపెట్టకూడదు. శిలాద్రవం ముందే సిద్ధంగా ఉంటేనే కుదుపు పనిచేస్తుంది. 1960 మే 22న చిలీలో 9.5 వచ్చిన రెండు రోజులకు అక్కడి కోర్డోన్ కౌయే అగ్నిపర్వతం పేలింది, చుట్టుపక్కల చాలా అగ్నిపర్వతాలు కదలలేదు.

శేషాచలం కింద రగిలే అగ్నిపర్వతమేదీ లేదు. భూమి పైపెంకు పలకలు కలిసే సరిహద్దు అండమాన్ వైపు, వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. తిరుమల ఘాట్ రోడ్డులో కింది గ్రానైటుకూ పై క్వార్ట్జైటుకూ మధ్య కనిపించే గీత భూకంపపు పగులనుకుంటారు చాలామంది. కాదు, అది కోట్ల ఏళ్ల కోత మిగిల్చిన గుర్తు.

ఎప్పుడైనా భూమి కంపిస్తే గోడలు పగిలిన ఇంట్లోకి వెంటనే వెళ్లకండి. పెద్ద కంపం తర్వాత వచ్చే అనుకంపనాలు మొదటి రోజే ఎక్కువ. పదో రోజుకు సుమారు పదో వంతుకు తగ్గుతాయి.