ల్యాబులో నేను, ఐసీయూలో మా ఆడబిడ్డ

ప్రశ్న: ఒంగోలులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. మా వారి అక్కయ్య అదే ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సు. నాకీ ఉద్యోగం వచ్చింది కూడా ఆవిడ చెప్పబట్టే. ఈమధ్య కనిగిరి వైపు నుంచి వచ్చిన ఒక డయాలసిస్ పేషెంటు శాంపిల్ హీమోలైజ్ అయిందని, అంటే ఎర్రకణాలు పగిలి పాడైందని, వెనక్కి పంపాను. రెండోసారీ అలాగే వచ్చింది. మళ్ళీ పంపమన్నాను. ఆవిడ ఫోన్లో "ముందు మీ మిషన్లు బాగు చేయించుకోండి" అని అరిచారు. నేనూ ఊరుకోలేక "రక్తం తీయడం రానివాళ్ళని ఐసీయూలో వేస్తే ఇంతే" అన్నాను. ఫోను స్పీకర్లో ఉందట, పేషెంటు కొడుకు పక్కనే ఉన్నాడట. అప్పట్నుంచి ఆవిడ మా గడప తొక్కలేదు. డ్యూటీలో ఏం కావాలన్నా వార్డు బాయ్‌తో చెప్పి పంపుతున్నారు. అత్తయ్యేమో "ఆసుపత్రి గొడవ ఇంటిదాకా తెచ్చారు" అని ఇద్దర్నీ తిడుతోంది. మా వారు "అక్క పెద్దది, నువ్వే సారీ చెప్పు" అంటున్నారు. రూలు ప్రకారం చేసినదానికి సారీ ఎందుకు చెప్పాలి? వేరే ఆసుపత్రికి మారిపోదామా అనిపిస్తోంది.

జవాబు: మారొద్దు. నెల్లూరు వెళ్ళి పొగతోటలో చేరినా అక్కడా ఒక ల్యాబు, ఒక ఐసీయూ, మధ్యలో ఒక ఫోను ఉంటాయి. అక్కడి సిస్టర్ మీకు వదిన కాకపోవచ్చు, అంతే తేడా.

ఆ రోజు మీరు చేసినవి రెండు. శాంపిల్ వెనక్కి పంపారు, ఒక మాట అన్నారు. మీ వారు ఆ రెండిటికీ కలిపి సారీ చెప్పమంటున్నారు, మీరు రెండిటికీ కలిపి చెప్పనంటున్నారు.

శాంపిల్ సంగతిలో మీదే న్యాయం. ఎర్రకణాల లోపల పొటాషియం బయటి ప్లాస్మాలో కన్నా ఇరవై రెట్లకు పైనే ఉంటుంది. కణాలు పగిలితే అదంతా సీరంలోకి, అంటే గడ్డకట్టిన రక్తం మీద తేలే ద్రవంలోకి, వచ్చేస్తుంది. 3.5 నుంచి 5 మధ్య ఉండాల్సిన అంకె ఆరు దాటి కనిపిస్తుంది. మామూలు మనిషికైతే ఆ రిపోర్టు చూసి డాక్టరు అనుమానిస్తారు. డయాలసిస్ పేషెంటుకు పొటాషియం నిజంగానే పెరిగే అవకాశం ఎక్కువ. అది గుండె కొట్టుకోవడాన్ని తారుమారు చేస్తుంది. లేని పొటాషియానికి మందు ఎక్కించినా ముప్పే, ఉన్నదాన్ని శాంపిల్ తేడా అని కొట్టిపారేసినా ముప్పే. కాబట్టి వెనక్కి పంపినందుకు ఎవరికీ సారీ చెప్పనక్కర్లేదు.

ఇక ఆ మాట. "రక్తం తీయడం రానివాళ్ళు" అన్నది పేషెంటు కొడుకు చెవిన పడింది. అక్కడితో ఆ కుటుంబానికి మీ వదిన మీద నమ్మకం పోయింది. మీరు అద్దం తలుపు వెనక ఉన్నారు. "మా నాన్నని ఎన్నిసార్లు గుచ్చుతావమ్మా" అని మీద పడింది ఆవిడ మీద. ఆవిడ మిషన్ల మీద అన్న మాటా తప్పే. కానీ మిషన్‌కి పరువు పోదు.

మీకు ల్యాబులోంచి కనపడనిది ఒకటుంది. డయాలసిస్ పేషెంటుకు ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి రెండు రక్తనాళాలను కలిపిన చోటు) ఉన్న చేతిని ముట్టుకోకూడదు. మిగిలింది రెండో చెయ్యి. నెలల తరబడి సూదులు, కాన్యులాలు పడి ఆ నరాలు గట్టిపడి ఉంటాయి. చివరికి మణికట్టు దగ్గరో చేతి వెనకో ఒక సన్న నరం దొరుకుతుంది. సన్న సూదితో సిరంజి గట్టిగా లాగితే కణాలు పగులుతాయి. తీసిన రక్తాన్ని అదే సూదితో ట్యూబు మూతలోంచి ఒత్తి ఎక్కించినా పగులుతాయి. రెండోసారీ అలాగే వచ్చిందంటే చేతకాక అనుకోవడం కన్నా, ఆ పేషెంటుకు నరం లేదనుకోవడమే సబబు. అప్పుడు "మళ్ళీ పంపండి" అంటే ఆవిడకు ఒరిగేదేముంది? "సీరం ఎర్రగా ఉంది సిస్టర్, పొటాషియం నమ్మలేం. డాక్టరుగారికి నేనే ఫోన్ చేసి చెప్తాను, ఈలోగా ఈసీజీ చూసుకుంటారు. ఇంకో నరం దొరుకుతుందేమో చూడండి, సిరంజి మెల్లగా లాగండి" అని ఉంటే గుచ్చడం తప్పేది కాదు గాని గొడవ తప్పేది. ఇంకో సంగతి, డ్యూటీలో వదినా అనడం మానేసి అందరిలాగే సిస్టర్ అనండి. చుట్టరికం ఆసుపత్రిలోకి తీసుకెళ్తే కోపం కూడా ఇంటి కోపమంత పెద్దదవుతుంది.

మీ ల్యాబు వైపు నుంచి కూడా ఒక లెక్క చూసుకోండి. నాకు ఉత్తరాలు రాసే నర్సులు చెప్పేవి దాదాపు ఒకటే: ఫోన్ ఎత్తరు, రిపోర్టు ఎప్పుడంటే విసుక్కుంటారు, ట్యూబులు అడిగితే ఉన్నవి సర్దుకోమంటారు. నీలం మూత ట్యూబులో రక్తం గీత దాకా లేకపోతే పీటీ టెస్టు (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం చూసేది) తప్పొస్తుందని మీకు కోర్సులో చెప్పారు. రాత్రి డ్యూటీలో కొత్తగా చేరిన అమ్మాయికి ఎవరు చెప్పారు? పర్పుల్ ట్యూబు ముందు నింపి, చాలకపోతే అందులోంచి కాస్త ఎర్రమూత ట్యూబులో పోస్తే పొటాషియం పెరిగి కాల్షియం తగ్గి కనిపిస్తుందని ఎవరు చూపించారు? డెంగీ రోజుల్లో ట్యూబు కలపకపోవడం వల్ల గడ్డకట్టిన శాంపిల్‌కి ప్లేట్‌లెట్లు తక్కువని వస్తే హడలిపోయేది పేషెంటు ఇంటివాళ్ళు, తిట్లు తినేది సిస్టర్లు. వెనక్కి పంపిన ప్రతి శాంపిల్‌కూ రిజిస్టర్లో వార్డు, కారణం రాయండి. నర్సు పేరు రాయొద్దు. నెలాఖరున ఆ పేజీ మీ ఇన్‌చార్జి ద్వారా నర్సింగ్ సూపరింటెండెంటుకు చేరితే, ఏ వార్డుకు ఏం నేర్పాలో వాళ్ళే చూసుకుంటారు.

మీ వదిన కోపంలో ఇంకో పొర ఉందని నాకనిపిస్తోంది. మీకు ఉద్యోగం ఆవిడ చెప్పబట్టే వచ్చిందన్నారు. "మా మరదలు బాగా చేస్తుంది" అని నలుగురి దగ్గర చెప్పిన మనిషిని ఆ నలుగురి ముందే పని రానిదన్నారు. ఎవరో కొత్త టెక్నీషియన్ ఇదే మాట అనుంటే ఆవిడ ఆ సాయంత్రానికే మర్చిపోయేవారు.

అందుకని ముందు ఆసుపత్రిలోనే కలవండి. డ్యూటీ మారే వేళ కాకుండా, ఐసీయూలో పని కాస్త నెమ్మదించినప్పుడు వెళ్ళండి. "శాంపిల్ వెనక్కి పంపడం తప్పనిసరైంది. కానీ నేనన్న మాట తప్పు, అదీ పేషెంటు మనిషి ముందు" అనండి. అంతకు మించి వివరణ మొదలుపెడితే అది మళ్ళీ వాదన అవుతుంది. వీలైతే ఇంకో రోజు అలాంటి పేషెంటుకు ఆవిడ రక్తం తీస్తుంటే పక్కన నిలబడి చూడండి. ఆ తర్వాత ఆవిడ ల్యాబుకు వస్తే, సెంట్రిఫ్యూజ్‌లోంచి (రక్తాన్ని గిర్రున తిప్పి సీరం వేరుచేసే మిషన్) తీసిన రెండు ట్యూబులు, ఒకటి మంచిది, ఒకటి హీమోలైజ్ అయింది, పక్కపక్కన పెట్టి చూపించండి. గులాబీ రంగు సీరం ఒక్కసారి కళ్ళారా చూస్తే మిషన్ మీద అనుమానం ఉండదు. రాకపోతే బతిమాలకండి.

మీ వారిని మాత్రం రాయబారానికి పంపకండి. ఆయనకు హీమోలైజ్ అంటే తెలీదు, వాళ్ళక్క అంటే తెలుసు. మీరు చెప్పి పంపిన సగం మాట ఆయన నోట సారీగా మారి, మిగతా సగం దారిలో పోతుంది. అత్తయ్యగారికైతే "మేమిద్దరం అక్కడే మాట్లాడుకుంటాం, ఆదివారం భోజనానికి మాత్రం నువ్వే పిలువు" అని చెప్పండి. ఆ ఆదివారం వదిన రాకపోతే, మరో ఆదివారం పిలవమనండి.