టెక్ సందేహాలు: లెక్క తప్పేది దుప్పట్ల మూట దగ్గరే

ప్రశ్న: మా ఆయన, నేను తిరుపతి కొర్లగుంటలో లాండ్రీ నడుపుతున్నామండీ. బస్టాండు, రైల్వే స్టేషన్ చుట్టుపక్కల ఉన్న 22 లాడ్జీల దుప్పట్లు, దిండు గలీబులు, టవళ్లు, రగ్గులు ఉతికిస్తాం. మా అబ్బాయిలు రోజూ పొద్దున్నే వెళ్లి మూటలు కట్టుకుని, లెక్క నోటుబుక్కులో రాసుకొస్తారు. నెలాఖరున రెండు రోజులు కూర్చుని అవన్నీ కూడి నేనే బిల్లులు రాస్తాను. ఏడాదికి 26 లక్షల దాకా టర్నోవర్ ఉంది, జీఎస్టీ నంబర్ కూడా ఉంది. బిల్లు పంపగానే ఏదో ఒక మేనేజర్ ఫోన్ చేసి "మా లెక్కలో 40 టవళ్లు తక్కువున్నాయి" అంటాడు. డబ్బులు మూడు నెలలకు గానీ రావు. బిల్లులు వాటంతట అవే తయారయ్యే సాఫ్ట్‌వేర్ ఏది కొనమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీరు నెలకు ఎన్ని అంకెలు రాస్తున్నారో చూద్దాం. 22 లాడ్జీలు, 30 రోజులు, 4 రకాల బట్టలు. అంటే 2,640 అంకెలు. వాటిని మీ అబ్బాయి ఒకసారి నోటుబుక్కులో రాస్తాడు, మీరు రెండోసారి కాల్క్యులేటర్‌లో కొడతారు, బిల్లు మీద మూడోసారి రాస్తారు. ఇన్నిసార్లు చేతులు మారాక 40 టవళ్లు ఎక్కడ పోయాయో ఎవరు చెప్పగలరు? మీరు ఇప్పుడే ఖరీదైన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నా ఈ గొడవ తీరదు. ఎందుకంటే అందులోనూ నెలాఖరున అంకెలు కొట్టాల్సింది మీరే. అలాంటి సాఫ్ట్‌వేర్‌లో నెలనెలా తానే బిల్లు పంపే సదుపాయం ఉంటుంది కానీ, అది ప్రతి నెలా ఒకే మొత్తం ఉండే అద్దెకో, మెయింటెనెన్స్‌కో సరిపోతుంది. మీ లెక్క రోజుకో రకంగా ఉంటుంది. బ్రహ్మోత్సవాలప్పుడు ఒకలా, పిల్లల పరీక్షల రోజుల్లో ఇంకోలా ఉంటుంది.

కాబట్టి బిల్లు సంగతి తర్వాత చూద్దాం. మూట కట్టే చోట మొదలుపెట్టండి.

ఒక గూగుల్ ఫామ్ తయారు చేసుకోండి. పైసా ఖర్చు లేదు. మొదటి గడిలో లాడ్జి పేరు ఉంటుంది. దాన్ని టైప్ చేయనివ్వకుండా, 22 పేర్ల జాబితాలోంచి ఎంచుకునేలా పెట్టండి. టైప్ చేయనిస్తే ఒకే లాడ్జి పేరు నాలుగు రకాలుగా పడి, నెలాఖరున నాలుగు లాడ్జీలై కూర్చుంటుంది. ఆ తర్వాత నాలుగు రకాల బట్టలకూ "తీసుకున్నవి", "తిరిగి ఇచ్చినవి" అని రెండేసి గడులు పెట్టి, అంకెలు తప్ప ఇంకేం పడకుండా చూడండి. అబ్బాయి ఫోన్ హోమ్ స్క్రీన్ మీద ఆ ఫామ్ లింకు పెడితే నింపడానికి నిమిషం కూడా పట్టదు. తేదీ, సమయం వాటంతట అవే పడతాయి. ఫామ్‌ను గూగుల్ షీట్‌కు కలిపితే నింపినవన్నీ ఆ పట్టికలో వరుసగా చేరతాయి. ఈ ఫామ్‌కు నెట్ ఉండాలి. లాడ్జీల సెల్లార్లలో సిగ్నల్ అందదు కాబట్టి, పైకి వచ్చి రిసెప్షన్ దగ్గరే నింపమనండి. దీనివల్ల ఇంకో మేలుంది. అక్కడున్న వాళ్ల ఎదురుగానే లెక్క పడుతుంది.

ఇక అసలు విషయం. ఆ లెక్క లాడ్జి వాళ్లకు అదే రోజు చేరాలి. ఫామ్ నింపగానే "ఈరోజు తీసుకున్నవి: దుప్పట్లు 64, గలీబులు 120, టవళ్లు 85" అంటూ ఆ లాడ్జి ఈమెయిల్‌కు చిన్న మెసేజ్ వెళ్లేలా గూగుల్ షీట్ వెనకాల ఉండే యాప్స్ స్క్రిప్ట్‌తో (చిన్న ప్రోగ్రాములు రాసుకునే సదుపాయం) పెట్టుకోవచ్చు. మామూలు జీమెయిల్ ఖాతా నుంచి ఇలా స్క్రిప్ట్ ద్వారా రోజుకు 100 మందికి మెయిల్ పంపవచ్చు, మీకు కావాల్సింది 22. తేడా ఉంటే మేనేజర్ ఆ సాయంత్రమే చెబుతాడు. మూట ఇంకా విప్పి ఉండరు, మళ్లీ లెక్కపెట్టుకోవచ్చు. ముప్పై రోజులయ్యాక 40 టవళ్ల కోసం వాదించుకుంటే ఎవరి మాటా రుజువు కాదు. ఆ టెన్షన్ మీకూ వద్దు, ఎప్పుడూ కౌంటర్ దగ్గరే ఉండే ఆ మేనేజర్‌కూ వద్దు.

ఇంత జరిగాక బిల్లు తయారు చేయడం తేలిక. షీట్‌లో ఇంకో పేజీ తెరిచి, ఒక్కో లాడ్జి పూర్తి పేరు, చిరునామా, జీఎస్టీ నంబర్, ఏ బట్టకు ఎంత రేటో ఒక్కసారి రాసిపెట్టండి. రేటు పక్కనే "ఏ తేదీ నుంచి" అనే గడి తప్పకుండా ఉండాలి. లేకపోతే జూన్‌లో మీరు రేటు రూపాయి పెంచిన రోజు, షీట్‌లోని ఏప్రిల్, మే లెక్కలూ కొత్త రేటుకు మారిపోతాయి. పంపేసిన ప్రతి బిల్లూ పీడీఎఫ్‌గా గూగుల్ డ్రైవ్‌లో ఉండాలి. ఆ తర్వాత షీట్ ఎలా మారినా దానికేమీ కాదు.

నెలలో ఆఖరి రోజు రాత్రి స్క్రిప్ట్ నడవాలి. నెలకు 30 రోజులా 31 రోజులా అనే తికమక లేకుండా, రోజూ రాత్రి నడిచి "రేపు 1వ తేదీయేనా?" అని చూసుకునేలా రాయించుకోండి. బిల్లు తేదీ ఆ నెల చివరి రోజే ఉంచితే ఏ నెల పని ఆ నెల జీఎస్టీ రిటర్న్‌లోకే వస్తుంది. స్క్రిప్ట్ 22 బిల్లుల చిత్తు ప్రతులు తయారు చేసి ఆగాలి. మీరు ఒక్కోటీ చూసి, సరిగ్గా ఉంటే టిక్ పెట్టాలి. టిక్ పడ్డాకే బిల్లు నంబర్ పడాలి, మెయిల్ వెళ్లాలి. ఈ ఒక్క మెట్టు మాత్రం మెషీన్‌కు వదలొద్దు. ఫామ్‌లో 85 బదులు 850 పడితే మెషీన్ దానికీ చక్కగా బిల్లు చేసేస్తుంది. ఫలానా లాడ్జికి అన్ని టవళ్లు ఉండవని తెలిసింది మీకే.

నంబర్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. జీఎస్టీ నిబంధనల ప్రకారం బిల్లు నంబర్ వరుసగా ఉండాలి, 16 అక్షరాలు దాటకూడదు, ఒక ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. 2026-27కు అయితే 2627/0001 లాంటి నంబర్ సరిపోతుంది. ఏప్రిల్ 1న కొత్త వరుస మొదలుపెట్టండి. రద్దయిన బిల్లు నంబర్‌ను ఇంకో లాడ్జికి వాడకండి, "రద్దు" అని రాసి అలాగే ఉంచండి. మీరూ మీవారూ రెండు ఫోన్లలో ఒకేసారి టిక్ పెడితే రెండు బిల్లులకు ఒకే నంబర్ పడే ప్రమాదం ఉంది. దీనికి యాప్స్ స్క్రిప్ట్‌లో ఒకరి పని అయ్యేదాకా ఇంకొకరిది ఆపి ఉంచే లాక్ సర్వీస్ అనే సదుపాయం ఉంది, రాసిచ్చేవాళ్లకు ఈ మాట గుర్తుచేయండి.

బిల్లు మీద, ఏ సేవో తెలిపే సర్వీస్ కోడ్ వేయాలి. మీ టర్నోవర్‌కు 4 అంకెలు చాలు, లాండ్రీకి 9997. పన్ను 18 శాతం. ఉతికిన ఖర్చు 40,000 అయితే సీజీఎస్టీ (కేంద్రం వాటా) 3,600, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 3,600, మొత్తం 47,200. ఇవన్నీ షీటే లెక్క కడుతుంది. కింద ఆ మొత్తం, ఆ బిల్లు నంబర్ ఇమిడి ఉన్న యూపీఐ క్యూఆర్ కోడ్ వేయించండి. మీ షాపు గోడ మీది క్యూఆర్ అందరికీ ఒకటే, దాన్ని స్కాన్ చేస్తే అంకె వాళ్లే కొట్టాలి. బిల్లు మీది క్యూఆర్ స్కాన్ చేస్తే 47,200 దానంతట అదే వస్తుంది. "రౌండుగా 47 వేలు వేశాం" అనే మాట తగ్గుతుంది.

వాట్సాప్‌లో కూడా బిల్లు దానంతట అదే వెళ్లాలని మీకు అనిపిస్తుంది. మామూలు వాట్సాప్ బిజినెస్ యాప్‌తో అది కుదరదు, దానికి డబ్బు కట్టి వాడే వేరే సేవ ఉంది. తక్కువ ధరకు వాట్సాప్ వెబ్‌ను నడిపించే దొంగ టూల్స్ జోలికి పోవద్దు, నంబరే బ్లాక్ కావచ్చు. లాడ్జీల వాళ్లందరి దగ్గరున్న నంబర్ పోతే వ్యాపారానికే దెబ్బ. నెలకు 22 పీడీఎఫ్‌లు చేత్తో ఫార్వర్డ్ చేయడానికి పది నిమిషాలు చాలు.

మూడు నెలల బాకీకి ఒక దారి ఉంది. మీది సేవలందించే చిన్న సంస్థ కాబట్టి చిన్న సంస్థల నమోదుకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకోండి. చిన్న సంస్థల కోసం చేసిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే అందులో రాసుకున్న గడువులో మీకు డబ్బు చెల్లించాలి. ఆ గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు మించకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే 'బ్యాంక్ రేటు'కు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా అడిగే హక్కు మీది. పైగా గడువు దాటిన బాకీని లాడ్జి యజమాని ఆ ఏడాది ఆదాయ పన్ను లెక్కలో ఖర్చుగా చూపలేడు, కట్టిన ఏడాదే చూపుకోవాలి. ఈ నిబంధన 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి అమల్లో ఉంది. రోజూ ముఖం చూసుకునే వాళ్లతో చట్టం మాట్లాడటం మీకు ఇష్టం ఉండదు. అందుకే బిల్లు మీద ఉద్యమ్ నంబర్, "చెల్లించవలసిన తేదీ" వేసి వదిలేయండి. వాళ్ల ఆడిటర్ చూసుకుంటాడు. గడువుకు రెండు రోజుల ముందు ఒక మర్యాదపూర్వకమైన మెయిల్, దాటిన వారానికి ఇంకోటి స్క్రిప్టే పంపుతుంది. ఒక్క జాగ్రత్త: వచ్చిన డబ్బును ఏ రోజుకారోజు షీట్‌లో వేయండి. డబ్బు కట్టిన మనిషికి "ఇంకా కట్టలేదు" అని మెయిల్ వెళ్తే చాలా బాధపడతాడు.

స్క్రిప్ట్ ఎవరు రాయాలంటారా? తెలిసినవాళ్ల పిల్లల్లో కంప్యూటర్ చదువుతున్నవారు ఎవరైనా రెండు మూడు రోజుల్లో చేసి ఇవ్వగలరు. తగిన డబ్బు ఇచ్చి చేయించుకోండి. అది మీ గూగుల్ ఖాతాలోనే ఉండాలి, వాళ్ల ఖాతాలో ఉండకూడదు. మొదటి రెండు నెలలు నోటుబుక్కు కూడా పక్కనే నడపండి.

ప్రశ్న: చిత్తూరులో మాది బెల్లం మండీ. లూజు బెల్లం, కిలో ప్యాకెట్లు రెండూ అమ్ముతాం. కొత్తగా పెట్టిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అన్నింటికీ 5 శాతం వేసేస్తోంది. ఎలా సరిచేయాలి?

జవాబు: సాఫ్ట్‌వేర్‌లో "బెల్లం" అని ఒకటే ఐటెం పెట్టి ఉంటారు. దాన్ని రెండు చేయండి. లూజు బెల్లానికి పన్ను సున్నా. ముందే ప్యాక్ చేసి, లేబుల్ అంటించిన 25 కిలోలు లేదా అంతకు తక్కువ ప్యాకెట్లకు 2022 జూలై 18 నుంచి 5 శాతం. ఐటెం పేర్లు కూడా "బెల్లం లూజు", "బెల్లం ప్యాకెట్ 1 కిలో" అని తేలిగ్గా గుర్తుపట్టేలా ఉంటే కౌంటర్‌లో కుర్రాడు తడబడడు. జీఎస్టీ నంబర్ లేని కొనుగోలుదారు రెండూ కలిపి కొంటే రెండు బిల్లులు అక్కర్లేదు, పన్ను ఉన్నవీ లేనివీ కలిపి రాసే ఇన్వాయిస్-కమ్-బిల్ ఆఫ్ సప్లై అని ఒకటే ఇవ్వవచ్చు. సెట్టింగ్స్‌లో ఆ పేరుతోనే వెతకండి.

ప్రశ్న: మాది తిరుపతిలో చిన్న లాడ్జి. చెన్నై కంపెనీ వాళ్లు వచ్చి దిగితే, వాళ్ల జీఎస్టీ నంబర్ కొట్టగానే మా సాఫ్ట్‌వేర్ ఐజీఎస్టీ వేస్తోంది. వాళ్లకూ అదే కావాలట. ఆడిటర్ తప్పంటున్నారు. ఎవరి మాట నిజం?

జవాబు: మీ ఆడిటర్ చెప్పిందే సరైనది. జీఎస్టీ నంబర్‌లో మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్. తమిళనాడుది 33, మనది 37. 33 కనబడగానే వేరే రాష్ట్రానికి అమ్మకం అనుకుని సాఫ్ట్‌వేర్ ఐజీఎస్టీ, అంటే రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే పన్ను వేస్తుంది. సరుకు అమ్మే దుకాణానికి అలా పెట్టి ఉంటే అర్థం ఉంది. లాడ్జి గది విషయంలో మాత్రం అతిథి ఎక్కడివాడన్నది లెక్కలోకి రాదు, భవనం ఎక్కడుందో అదే సేవ అందిన చోటు. గది తిరుపతిలో ఉంది కాబట్టి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేయాలి. చెన్నై కంపెనీ ఐజీఎస్టీ అడగడానికి కారణం కూడా న్యాయమైనదే. వాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ లేకపోతే తాము కట్టాల్సిన పన్నులోంచి ఇక్కడి పన్నును తగ్గించుకోలేరు. అయినా మీరు బిల్లు మార్చి ఇవ్వకూడదు. తప్పు పన్ను కడితే సరైనది మళ్లీ కట్టి, మొదటిదానికి రీఫండ్ కోసం తిరగాల్సి వస్తుంది.

సాఫ్ట్‌వేర్‌లో "ప్లేస్ ఆఫ్ సప్లై" అనే గడిని గది ఐటెంకు శాశ్వతంగా ఆంధ్రప్రదేశ్ అని పెట్టండి. అలాగే రోజుకు 7,500 రూపాయలు, అంతకు తక్కువ అద్దె గదులకు 2025 సెప్టెంబర్ 22 నుంచి రేటు 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత రేటు ఇంకా ఎక్కడైనా మిగిలి ఉందేమో చూసుకోండి.

ప్రశ్న: తిరుచానూరులో మా పూజా సామగ్రి దుకాణానికి థర్మల్ ప్రింటర్ కొన్నాను. తెలుగు పేర్ల బదులు ప్రశ్నార్థకాలు పడుతున్నాయి. ప్రింటర్ పాడైనదా?

జవాబు: పాడవలేదు, మార్చి ఇవ్వమని షాపుకు వెళ్లకండి. ఇలాంటి ప్రింటర్ల లోపల మామూలుగా తెలుగు అక్షరాలు ఉండవు. బిల్లింగ్ యాప్ సెట్టింగ్స్‌లో టెక్స్ట్‌గా కాకుండా ఇమేజ్‌గా లేదా గ్రాఫిక్‌గా ప్రింట్ చేసే ఆప్షన్ ఉంటే అది ఎంచుకోండి, తెలుగు చక్కగా పడుతుంది. వేగం కొంచెం తగ్గుతుంది. యాప్‌లో ఆ ఆప్షన్ లేకపోతే యాప్ మార్చాలి, ప్రింటర్ కాదు. ఇంకో మాట, థర్మల్ కాగితం మీది అక్షరాలు వేడికి, వెలుతురుకు కొన్ని నెలల్లోనే వెలిసిపోతాయి. జీఎస్టీ ఉన్నవాళ్లు లెక్కలను ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలి కాబట్టి, ప్రతి రాత్రి దుకాణం కట్టేసే ముందు ఆ రోజు బిల్లుల బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌లో పడిందో లేదో చూసుకోండి.