అమ్మేసిన కారుకు టోల్ బాకీ నోటీసు వస్తే?

కాలిఫోర్నియాలో కారు అమ్మేశాక టోల్ బాకీ కట్టమని కలెక్షన్ ఏజెన్సీ (బాకీలు వసూలు చేసే సంస్థ) నుంచి ఉత్తరం వచ్చిందా? టెన్షన్ వద్దు, పీడా పోతుందని డబ్బూ కట్టేయకండి. ముందు టోల్ పడిన తేదీ చూడండి. అమ్మకముందుదైతే అది మీ బాకీయే. తర్వాతిదైతే నోటీసు అందిన 30 రోజుల్లోపు ‘ఈ బాకీ నాది కాదు, రుజువు చూపండి’ అని రాసి సర్టిఫైడ్ మెయిల్‌లో పంపండి. ఫోన్‌లో వాదన దండగ. బాకీ వసూళ్లపై ఉన్న ఫెడరల్ చట్టం మీ బాకీకి వర్తిస్తే, రాతపూర్వకంగా అడిగాక రుజువు పంపేదాకా వసూలు ఆపాల్సిందే. బిల్ ఆఫ్ సేల్ (అమ్మకం పత్రం), డీఎంవీకి (వాహనాల రిజిస్ట్రేషన్ చూసే రాష్ట్ర శాఖ) ఇచ్చిన రిలీజ్ ఆఫ్ లయబిలిటీ (కారు అమ్మేశానని తెలిపే నోటీసు) కాపీలు జతచేయండి. అమ్మిన 5 రోజుల్లో ఇవ్వాల్సిన ఈ రెండోదాన్నే చాలామంది మర్చిపోతారు. అక్కడ నంబర్ ప్లేట్లు సాధారణంగా కారుతోనే వెళ్లిపోతాయి, అందుకే కొనుక్కున్నవాళ్ల టోల్ మీ పేరు మీద పడొచ్చు మరి. ఇవ్వకపోయుంటే ఇవాళే ఆన్‌లైన్‌లో ఇచ్చేయండి. మీ ఫాస్ట్రాక్ (కాలిఫోర్నియాలో టోల్ ఆటోమేటిగ్గా కట్టే వ్యవస్థ) ఖాతాలోంచి పాత ప్లేటు తీసేశారా?