అద్దె ఎవరి జేబులోంచి వస్తుందో చూడమ్మా

చి. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన కాంప్లెక్సు బ్రోచరు రెండుసార్లు చదివాను. రేణిగుంట రోడ్డులో మొదటి అంతస్తు మీద అంగడి గది, ధర 60 లక్షలు, అద్దె నెలకు 22 వేలు అని రాశారు. నువ్వు పెట్టబోయేది మీ నాన్న పొలం అమ్మిన డబ్బు. అందుకే ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు లెక్క వెయ్యి. రిజిస్ట్రేషన్‌కు నూటికి ఏడున్నర, అంటే నాలుగున్నర లక్షలు. మొత్తం 64.5 లక్షలు అవుతుంది. ఏడాది అద్దె 2,64,000. ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు దిగేలోపు రెండు నెలలు పోతాయనుకో, 2,20,000 మిగులుతుంది. ఆస్తి పన్ను, మెయింటెనెన్సు, రంగులు, షట్టరు రిపేర్లు కలిపి 40 వేలు తీసేస్తే 1,80,000. నూటికి మూడు రూపాయలు కూడా పడలేదు. బ్యాంకు డిపాజిట్టే ఇంతకన్నా నయం.

స్థలం రేటు పెరుగుతుంది కదా మామా అంటావు. పెరగొచ్చు. కానీ పెరిగేది నేల ధర. కట్టడం ఏటేటా పాతబడుతుంది. ఆ నేలలో నీ వాటా ఎంతో బ్రోచరులో ఒక్క మాట లేదు. అది దస్తావేజులో ఉండాలి, అదీ చదరపు అడుగుల్లో ఉండాలి. మన తిరుపతిలో అంకణమంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72. 2022లో నెల్లూరు జిల్లా ఊళ్లు కొన్ని మన జిల్లాలో కలిశాక ఈ తికమకలో పడినవాళ్లను చూశాను.

"మూడేళ్లు గ్యారంటీ అద్దె" అన్న మాట చూసి మాత్రం నా గుండె గుభేలుమంది. 2012లో నేనూ ఆ మాట నమ్మే ఒక గది కొన్నాను. పద్నాలుగు నెలలు చెక్కులు సక్రమంగా వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. ఆ అద్దె నేను కట్టిన ధరలోంచే తీసి నాకిచ్చారని అప్పటికి గాని తెలియలేదు. గది కొన్నదాంట్లో మూడో వంతు నష్టానికి అమ్ముకున్నాను. మీ అత్త ఆ రెండేళ్లు పడ్డ టెన్షన్ నువ్వు పడకూడదు.

ఇక అసలు సంగతికొస్తాను. ఇప్పుడు ఎంత అద్దె వస్తుందన్నది చిన్న ప్రశ్న. పదిహేనేళ్ల తర్వాత ఆ గదిలో ఎవరుంటారు, వాళ్లకు డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? ముప్పై ఏళ్లుగా గదులు అద్దెకిస్తూ నేను చూసిందిది. ఒకప్పుడు బట్టలంగడి, సెల్‌ఫోన్లంగడి అంటే అడ్వాన్సు అడిగినంత ఇచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ సరుకు ఫోన్‌లో ఆర్డరు పెడితే ఇంటికే వస్తోంది. మొదటి అంతస్తు ఎక్కి కొనే ఓపిక ఎవరికుంది? ఫోన్‌లో రానివి కొన్ని ఉన్నాయి. పన్ను పీకించుకోవడం, స్కానింగ్, ఫిజియోథెరపీ, వేడివేడి టిఫిన్. స్విమ్స్, రుయా, బర్డ్ లాంటి పెద్దాసుపత్రులున్న ఊరు మనది. కడప నుంచి, తమిళనాడు నుంచి కూడా రోగులు వస్తారు. వయసు మళ్లినవాళ్లు పెరుగుతున్నారు. నా గదుల్లో ఏడేళ్లుగా కదలని అద్దెదారు ఒక రక్త పరీక్షల ల్యాబ్. అలాంటివాళ్లు కింది అంతస్తు, లేదా స్ట్రెచర్ పట్టే లిఫ్టు, పార్కింగు అడుగుతారు. నువ్వు చూసిన కాంప్లెక్సు ప్లానులో సెల్లారులో కూడా అంగళ్లే గీశారు. మరి బండ్లు ఎక్కడ పెడతారు?

యాత్రికుల మీద ఆధారపడే గదులు వేరే లెక్క. ఆ రాబడి పెద్దదే. కానీ 2020 మార్చిలో కొండ మీద దర్శనం ఆపి, జూన్‌లో మళ్లీ మొదలుపెట్టేదాకా ఊరంతా ఎలా ఉందో నువ్వూ చూశావు. రోడ్లు కూడా అంతే. 2023 సెప్టెంబరులో కపిలతీర్థం వైపు ఫ్లైఓవర్ పూర్తిగా తెరిచాక కొండకు పోయే బండ్లు పైనుంచే పోతున్నాయి. కింద ఆగి కాఫీ తాగేవాళ్ల మీద బతికిన అంగడికి ఆ దారి పోయినట్టే. కొనేముందు ఆ రోడ్డు మీద ఏ వంతెన, ఏ బైపాసు ప్లానులో ఉందో పట్టణాభివృద్ధి సంస్థ తుడా ఆఫీసులో అడుగు.

నాకైతే ఏర్పేడు, శ్రీకాళహస్తి దారి మీద నమ్మకం ఎక్కువ. రేణిగుంట చుట్టూ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు, 2015లో మొదలై ఇప్పుడు ఏర్పేడు దగ్గరున్న ఐఐటీ, సైన్సు చదువుల ఐసర్, ఇంకాస్త ముందుకు పోతే శ్రీసిటీ పారిశ్రామికవాడ. జీతగాళ్లున్న చోట హాస్టళ్లు, మెస్సులు, సరుకు దింపుకునే గోడౌన్లు కావాలి. అడుగుకు అద్దె తక్కువే గానీ గోడౌన్ తీసుకున్న కంపెనీ రాకులు బిగించాక తొందరగా కదలదు. నీ దగ్గరున్న డబ్బుకు చిన్న గోడౌనే వస్తుంది, నీ అన్నతో కలిస్తే మంచిది.

అటువైపు అయినా ఇటువైపు అయినా నేల ఎవరిదో చూడు. మన జిల్లాలో మఠం భూములు, దేవస్థానం భూములు, ప్రభుత్వం పేదలకిచ్చిన డీకేటీ పట్టాలు చాలా ఉన్నాయి. సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల్లో ఉందేమో చూడు. 30 ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం), పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు అన్నీ లాయరుకు చూపించు. 2021 నవంబరు వానలకు అక్కడ నీళ్లు ఎంతవరకు నిలిచాయో పక్క టీ అంగడాయన్ను అడిగితే చెబుతాడు.

తొందరేమీ లేదు. అద్దె ఆస్తి మీదే మనసుంటే కొంత డబ్బు రీట్లలో పెట్టి చూడు. అంటే చాలామంది డబ్బు కలిపి బిల్డింగులు కొని, అద్దె పంచే ట్రస్టులు. బెంగళూరులో నీలాంటివాళ్లు పనిచేసే పెద్ద ఆఫీసు బిల్డింగులే వాటి చేతిలో ఉంటాయి. ఎంబసీ రీటు 2019లో మన దేశంలో మొదటగా మార్కెట్లోకి వచ్చింది. పంచడానికి మిగిలిన నగదులో 90 శాతం మదుపరులకు ఇవ్వాలన్నది మార్కెట్లను చూసే సెబీ నియమం. యూనిట్ ధర షేరు లాగే పెరుగుతుంది, తగ్గుతుంది. అవసరమైతే ఒక్క పూటలో అమ్ముకోవచ్చు, గదిని అలా అమ్మలేవు.

బిల్డరుకు టోకెన్ అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదుగా? ఇవ్వొద్దు. వచ్చే శనివారం రైలెక్కు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఆ కాంప్లెక్సు ఎదురుగా ఇద్దరం నిలబడి మెట్లు ఎక్కేవాళ్లను లెక్కపెడదాం. ఈసీ నకలు మర్చిపోకుండా తీసుకురా.

ఆశీస్సులతో,
మీ మామయ్య,
తిరుపతి